ఊడని అద్దం

హైదరాబాద్ లాల్‌దర్వాజాలో మా ఇంటి మెట్ల కింద నాలుగడుగుల జాగా ఉంది. అక్కడో బల్ల, బల్లకు బిగించిన వైస్, ఒక డ్రిల్లు, ఒక నాలుగంగుళాల గ్రైండరు. కిటికీ ఊచలు కొయ్యడం, తుప్పు గీకడం, ఇరుగుపొరుగు కత్తిపీటలకు పదును పెట్టడం, నా ఆదివారాలన్నీ అక్కడే గడుస్తాయి. నాది మైనస్ నాలుగు నంబరు. చాన్నాళ్లు రోజూ పెట్టుకునే కళ్లజోడుతోనే గ్రైండరు పట్టాను. ఒకరోజు అద్దం తుడుస్తుంటే ఎడమవైపు ఆవగింజలో నాలుగో వంతు ఉండే నల్లచుక్కలు కొన్ని కనిపించాయి. గోటితో గీకినా పోలేదు. మురికి కాదవి. ఎర్రగా కాలిన ఇనుపరవ్వలు అద్దాన్ని కరిగించి అందులోనే కూర్చున్నాయి. అద్దం లేకుంటే అవి తగిలేది కంటికే. దాని ముందుండే కార్నియా మందం నడిమధ్యన అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే.

కళ్లజోడు మీదే పెట్టుకునే పెద్ద గాగుల్స్ రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. తెచ్చాను. పది నిమిషాల్లో రెండు అద్దాల మధ్య ఆవిరి పట్టింది. ఎండాకాలం మెట్ల కింద ఆ జోడు అద్దాలతో పని అంటే ఆవిరి పట్టిన స్నానాలగదిలో సూదికి దారం ఎక్కించడమే. నంబరు ఉన్న సేఫ్టీ గ్లాసులే చేయించుకుందామని పత్తర్‌గట్టి వెనక సందులో అద్దాలు కోసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అందరూ ఆయన్ని చాచా అంటారు, నేనూ అంతే.

చాచా నంబరు అడగలేదు. "ఏం పని చేస్తవు బేటా, చేతిల వస్తువు ఎంత దూరంల ఉంటది?" అన్నాడు. టేపు తీసి నా కంటి నుంచి, గ్రైండరు పట్టుకున్నట్టు చాచిన చేతిదాకా కొలిచాడు. 60 సెంటీమీటర్లు వచ్చింది. ఈ ప్రశ్నకు అర్థం నాకు ఆలస్యంగా తెలిసింది. లాడ్ బజార్‌లో లక్క గాజులకు ఒక్కో రాయీ అద్దేవాళ్లు పనిని దాదాపు ముఖం దగ్గరికే తెచ్చుకుంటారు. నలభై దాటిన వాళ్లకు దగ్గరి చూపు కోసం కలిపే నంబరు ఆ దూరాన్ని బట్టి మారాలి. కన్ను సొంతంగా సర్దుకునే శక్తి పూర్తిగా పోయిందనుకుంటే 40 సెంటీమీటర్లకు 2.50 కలపాలి, 60 సెంటీమీటర్లకు 1.67 చాలు. పేపరు చదవడానికి రాసిన నంబరుతో గ్రైండరు ముందు నిలబడితే, స్పష్టంగా చూడాలని మెడ తనంతట తానే ముందుకు వంగుతుంది. రవ్వలు లేచేదీ అక్కడే.

ఆ రవ్వల వేగం ఎంతో లెక్క కట్టి చూశాను. నాలుగంగుళాల చక్రం నిమిషానికి 11,000 సార్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు 58 మీటర్లు, అంటే గంటకు 200 కిలోమీటర్ల పైనే. సేఫ్టీ గ్లాసులకు అమెరికా వాళ్ల జెడ్87.1 ప్రమాణంలో పెట్టే పరీక్ష దీనికి దగ్గరగానే ఉంటుంది. పావంగుళం ఉక్కు గోలీని, దాదాపు గ్రాము బరువుదాన్ని, సెకనుకు 45.7 మీటర్ల వేగంతో అద్దం మీదికి కొడతారు. ఇంకో పరీక్షలో మొనదేలిన అర కిలో బరువును 127 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. ఈ రెండో దెబ్బ శక్తి సుమారు 6 జౌళ్లు. చక్రం పగిలి 10 గ్రాముల ముక్క ఆ అంచు వేగంతోనే ఎగిరితే అది 17 జౌళ్లతో వస్తుంది. అందుకే ఎంత మంచి సేఫ్టీ గ్లాసులైనా గ్రైండరు దగ్గర వాటి మీద ఫేస్ షీల్డు కూడా ఉండాల్సిందే. ఇది చాచా మాట కాదు, నా లెక్క.

అద్దం దేనితో చెయ్యాలన్నది తేలికైన ప్రశ్న. దుకాణాల్లో 'ఫైబర్' అని ఇచ్చే మామూలు ప్లాస్టిక్ గట్టిదే కానీ పెద్ద దెబ్బకు ముక్కలవుతుంది. పాలీకార్బనేట్ వంగుతుంది, సొట్ట పడుతుంది, పగలడం అరుదు. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ష్నెల్, అదే ఏడాది అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా దాన్ని తయారుచేశారు. దానికో లోపం ఉంది. రంగుల్ని విడగొట్టకుండా ఉంచే గుణానికి కొలత అబ్బే సంఖ్య. ఫైబర్‌కు అది 58, పాలీకార్బనేట్‌కు 30. ఓరచూపుతో ట్యూబ్‌లైటు చూస్తే దాని అంచుకు నీలం, పసుపు గీతలు కనిపిస్తాయి. ట్రైవెక్స్ అనే ఇంకో పదార్థానికి 45 దాకా ఉంటుంది, బరువూ తక్కువే, ధర మాత్రం ఎక్కువ. నేను పాలీకార్బనేటే చాలన్నాను. ఊచ కొయ్యడానికి ట్యూబ్‌లైటు అంచు తేటగా కనిపించాల్సిన పనేముంది?

అద్దం సంగతి అయిపోయిందనుకుని నేను మామూలు ఫ్రేము ఒకటి చేతిలోకి తీసుకున్నాను. చాచా దాన్ని వెనక్కి లాక్కుని పెట్టెలోంచి ఇంకోటి తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి రిమ్ము లోపలి గాడి చూపించాడు. మామూలుదాంట్లో గాడి గోటిగీతంత. అద్దం అందులో ఇరుక్కుని ఉంటుంది, ముందు నుంచి బొటనవేలితో గట్టిగా నొక్కితే వెనక్కి ఊడొస్తుంది. ఊడొచ్చేది కంటి మీదికే. పగలని అద్దమైనా అప్పుడు ఎగిరొచ్చిన ముక్కతో సమానం. సేఫ్టీ ఫ్రేములో గాడి లోతు. పైగా దాని వెనక గోడ ముందుగోడ కంటే లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది, గడపలాగా. అద్దాన్ని ముందు నుంచి ఎంత కొట్టినా అది ఆ గడపకు ఆనుకుంటుంది తప్ప దాటదు. అందుకే గోలీ పరీక్ష ఫ్రేముకూ పెడతారు. ఆ పరీక్ష నెగ్గిన, నంబరు అద్దాలు బిగించే ఫ్రేము లోపలివైపు సన్నగా జెడ్87-2+ అని ఉంటుంది. మంచి పాలీకార్బనేట్ వేయించి సోకు ఫ్రేములో పెట్టుకునేవాళ్లు సగం డబ్బు గాలికి పోసినట్టే. కరెంటు పని చేసేవాళ్లు మాత్రం లోహం వద్దని ప్లాస్టిక్‌లో ఇదే తరహా అడగాలి.

ఇక కోత. అద్దం నంబరు కొలిచే లెన్సోమీటరులో అద్దం పెట్టి, నంబరు సరిచూసుకుని, మూడు చుక్కలు పెట్టాడు. నడిమి చుక్క అద్దానికి కేంద్రం. సేఫ్టీ ఫ్రేములు వెడల్పు. నాదాంట్లో ఒక్కో అద్దం 58 మిల్లీమీటర్లు, ముక్కు దగ్గర సందు 17. కలిపితే 75. నా కనుపాపల మధ్య దూరం 63. అంటే కేంద్రాన్ని ఫ్రేము మధ్యలో కాక, ఒక్కోవైపు 6 మిల్లీమీటర్లు ముక్కువైపు జరపాలి. జరపకపోతే? సెంటీమీటర్లలో ఎంత తప్పిందో దాన్ని నంబరుతో హెచ్చవేస్తే ప్రిజం, అంటే అద్దం బొమ్మను పక్కకు జరిపే కొలత, వస్తుంది. 0.6ని నాలుగుతో హెచ్చవేస్తే 2.4, రెండు కళ్లకూ 4.8. రెండు బొమ్మల్ని ఒకటి చేసుకోలేక కళ్లు గుంజుతాయి, తలనొప్పి మొదలవుతుంది. "నంబరు తప్పిచ్చిండ్రు" అని జనం డాక్టరును తిడతారు. చాలాసార్లు తప్పింది నంబరు కాదు, ఈ ఆరు మిల్లీమీటర్లు.

జరపడం వల్ల ఇంకో చిక్కు. మైనస్ అద్దం నడుమ పలచన, అంచుల్లో మందం. నడుమ 2 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకూడదు. కేంద్రం ముక్కువైపు జరిగితే చెవివైపు అంచు 6 మిల్లీమీటర్లు దాటుతుంది. గాడిలో కూర్చునే మిట్టను, అంటే బెవెల్‌ను, ఆ మందంలో ఎక్కడ తీయాలన్నది చేతి నేర్పే. చాచా ముందు అంచుకు దగ్గరగా తీశాడు. మిగిలిన మందమంతా రిమ్ము వెనక దాక్కుంది, ముందు నుంచి చూస్తే పలచటి అద్దంలాగే ఉంది.

ఫైబర్ అయితే నీళ్లు పోస్తూ అరగదీస్తారు, తెల్లటి పిండి రాలుతుంది. పాలీకార్బనేట్‌ను ఆ రాయి మీద పెడితే వేడికి మెత్తబడి రాయికే అంటుకుంటుంది. దీనికి వేరే చక్రం. మొదటి కోత పొడిగా కోశాడు. వడ్రంగి చిత్రిక పడితే లేచే పొట్టులా పారదర్శకమైన రిబ్బన్లు చుట్టలు తిరిగి ఆయన ఒడిలో పడ్డాయి. చివరి నగిషీకే నీళ్లు. రెండుసార్లు రిమ్ములో పెట్టి చూసి, రెండుసార్లూ తీసి, ఇంకో వెంట్రుకవాసి అరగదీశాడు. మూడోసారి పెట్టి స్క్రూ బిగించాడు.

అప్పుడు చేసిన పని నేను ఎక్కడా చూడలేదు. రెండు నల్లటి పోలరాయిడ్ రేకుల మధ్య కళ్లజోడు పెట్టి లైటుకు ఎదురుగా పట్టాడు. అద్దంలో స్క్రూ ఉన్న మూల ఇంద్రధనుస్సు తునకలా రంగుల చారలు దగ్గరదగ్గరగా మెరిశాయి. అద్దం పిసరంత పెద్దదైతే రిమ్ము దాన్ని పిండుతుంది. ఆ ఒత్తిడి కంటికి కనిపించదు, రేకుల మధ్య ఇలా రంగులై బయటపడుతుంది. ఒత్తిడితో ఉన్న పాలీకార్బనేట్‌కు థిన్నర్ ఆవిరి తగిలినా అంచుల్లో సన్నటి చీలికలు పుడతాయి. చాచా స్క్రూ విప్పి ఆ మూల ఒక్కటే చక్రానికి తాకించి మళ్లీ బిగించాడు. చారలు వెడల్పై, పలచబడ్డాయి. అప్పుడు బొటనవేళ్లు రెండూ ముందు నుంచి ఆనించి, పిండి ముద్దను అదిమినట్టు, బలమంతా పెట్టి నొక్కాడు. అద్దం కదల్లేదు.

ఇంటికొచ్చాక నేనూ చూసుకున్నాను. కంప్యూటర్ తెరను తెల్లగా పెట్టి, దాని ముందు కొత్త అద్దం పట్టుకుని, పోలరాయిడ్ చలవ కళ్లద్దాలను అటూ ఇటూ తిప్పుతూ చూస్తే ఆ చారలు అక్కడే ఉన్నాయి, పలచగా, చాచా వదిలిపెట్టినట్టే. థిన్నర్ డబ్బాను మెట్ల కింద నుంచి మిద్దె మీదికి మార్చాను. కళ్లజోడు తగిలించడానికి గ్రైండరు స్విచ్చుకు జానెడు పైన ఒక మేకు కొట్టాను.