ఏడుసార్లని ఎవరు చెప్పారు?

పోయిన వారం ఎమ్మే చరిత్ర చదివే అమ్మాయి ఒకామె ప్రాజెక్టు తెచ్చి చూపించింది. ‘కృష్ణదేవరాయలు తిరుమలకు ఏడుసార్లు వచ్చాడు’ అని మొదటి వాక్యం. ఆధారం చోట ఒక వెబ్‌సైటు పేరు.

“యాడిదమ్మా ఈ ఏడు?”

“అందరూ అదే రాసినారు సార్.”

రాసింది తప్పు కాదు. అయినా ఆ మాట పుట్టిన చోటు చూడాలని ఇద్దరం వెనక్కి వెతుక్కుంటూ పోయాం. వెబ్‌సైటు వెనక ఒక పుస్తకం, దాని వెనక దేవస్థానం శాసనాల మీద 1930లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు వెలువరించిన నివేదిక, అన్నిటి వెనకా గుడి గోడ. ఒక్కో శాసనం ఒక్కో రాకను చెబుతుంది. అవన్నీ కూడి ఏడు అన్నది పండితులు.

మొదటి రాక శక 1434, ఆంగీరస సంవత్సరం. 78 కలిపితే 1512. పుస్తకాల్లో మాత్రం 1513 ఫిబ్రవరి 10. “తప్పు పడింది సార్!” అని ఆమె కళ్ళు మెరిశాయి. ఉగాదికి మొదలైన ఏడాది ఫిబ్రవరికి ఇంకా ముగియదు కదా అన్నాను. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుని తలూపింది. ఆ క్షణం కోసమే నేను పాఠం చెప్పేది.

రాయలు కిరీటం ఇచ్చాడనీ, తిరుమలదేవి, చిన్నాదేవి బంగారు గిన్నెలు ఇచ్చారనీ శాసనం చెబుతుంది. ఆయన మనసులో ఏముందో దాన్ని అడగలేం. అది దానపత్రం.

ఆమె రెండో అధ్యాయం తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఆడవాళ్ళను వేధించిన పాళెగాణ్ణి అమ్మ చంపింది ఏ సంవత్సరంలోనో తేల్చాలని పట్టుదల. ఆ కథ గోడ మీద లేదు. పెద్దల నోళ్ళలో, వేషం కట్టేవాళ్ళ ఒంట్లో ఉంది. సంవత్సరం అడిగితే పలకదు. ఆడవాళ్ళ భయాన్నీ ధైర్యాన్నీ ఈ ఊరు ఎట్లా గుర్తుపెట్టుకుందో అడిగితే ఎంతైనా చెబుతుంది.

చిత్తూరు ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉన్నప్పటి, 1881 నాటి, బ్రిటిష్ అధికారి కాక్స్ రాసిన జిల్లా మాన్యువల్ మరో రకం ఆధారం. రాయల కాలానికి అది ద్వితీయ ఆధారమే. తెల్లదొర మన పల్లెల్ని ఏ కంటితో చూశాడో తెలుసుకోవాలంటే అదే మూలాధారం.

నిన్న మళ్ళీ వచ్చింది. నోటుబుక్కులో ప్రతి పేజీకీ నిలువునా గీత గీసుకుంది. ఎడమ పక్క జాతర గురించి ఎవరు, ఏ వీధిలో, ఏ రోజు, ఏమన్నారో వాళ్ళ మాటల్లోనే. కుడి పక్క తనకు తోచింది. కుడి పక్క ఇంకా చాలా ఖాళీగా ఉంది.