నేరమంతయు వలసపక్షులదేనా?

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోని వేల్పూరు, కానూరు అగ్రహారము కోళ్లఫారములలో బర్డ్‌ఫ్లూ ఉన్నట్లు భోపాల్ ప్రయోగశాల నిర్ధారించినది. ఇట్టి సమయములలో నింద వలసపక్షులపై పడును. ఈ వాదము సగమే సత్యము. పక్షి తొలి ఫారమునకు వ్యాధిని తేవచ్చును. అక్కడినుండి మోయునది తరచు మనిషియే. రోగపుకోడి రెట్టలోని వైరస్ చెప్పులకు, లారీ చక్రములకు, మరల మరల వాడు గుడ్ల అట్టలకు అంటుకొని ఊరు దాటును. చచ్చిన కోళ్లను కాలువలో పారవేయుట మరియొక దారి, అన్నిటికంటె సిగ్గుచేటైనది.

కోడికూర మానవలెనా అని కోకాపేట మేడలలో అడుగుదురు. ముక్క లోపలిదాక 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగిలిన వైరస్ నశించును. అడుగవలసినది వేరు: ఫారము గుమ్మమున చెప్పులు మార్చుచున్నారా? ప్రభుత్వము 1 కిలోమీటరులోపు కోళ్లను చంపించి, 10 కిలోమీటర్లదాక నిఘా పెట్టును. రోగము బయటపడకముందే వెళ్లిన లారీ ఆ వలయమునకు చిక్కదు.