ఖనియు, బాయియు

గోదావరిఖని పేరులో రెండు మాటలు గలవు: నది యొకటి, ఖని యొకటి. పటములయందును పత్రికలయందును ఆ మాటయే కనబడును. కాని యచ్చటి సింగరేణి కార్మికుని "యెక్కడికి?" అని యడిగినచో "బాయికి" అనును. ఇది పామరుల తప్పుమాట యని తలచు విద్యావంతులు మనలో గలరు. ఆ తలంపు సరికాదని మా యభిప్రాయము.

మొదట గౌరవము పొందిన మాటను పరిశీలింతము. సంస్కృతమున ఖన్ ధాతువునకు త్రవ్వుట యని యర్థము. దానినుండి ఖని పుట్టినది. మన గని దాని వికృతి. కన్నడమున గణి, మరాఠీలో ఖాణ్, హిందీలో ఖాన్ ఈ కుటుంబములోనివే. పారసీకమునందలి కాన్ కూడ త్రవ్వుట యను నర్థముగల జ్ఞాతిధాతువునకు చెందినది.

ఇక బాయి యనగా బావియే. దీనికి మూలము సంస్కృతమునందలి వాపి. పామరమని త్రోసివేయబడిన మాటయు, ఖనివలెనే, సంస్కృతజన్యమన్నమాట! గుజరాతీలోని వావ్, హిందీలోని బావ్‌డీ దీని తోబుట్టువులు. అవి మెట్లు దిగి నీటిని చేరు బావులకు పేళ్లు. ఇంక్లైన్ అను వాలుదారివెంట నడచి భూగర్భమునకు దిగువానికి ఆ పోలిక తోచుట సహజము. లక్ష్మీబాయి పేరులోని బాయి మాత్రము స్త్రీలకు చెల్లు గౌరవవాచకము. ధ్వని యొకటియైనను దానికిని దీనికిని సంబంధము లేదు.

గనికి నూతిపేరు పెట్టినవారు మనవారు మాత్రమే కారు. ఫ్రెంచివారి ప్యూయి, స్పెయిను దేశీయుల పోసో నూతికిని, గనిలోనికి దిగు కూపమునకును చెల్లును. ఆంగ్లేయులు గనిని పిట్ అందురు. అదియు నూయి యను నర్థముగల లాటిన్ పుటెయుస్ నుండి వచ్చినదే.

ఈ పేరునందు హెచ్చరికయు గలదు. నూయి యన్నచో నీరు జ్ఞప్తికి వచ్చును. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. ఖని యన్నప్పుడు మనము బొగ్గును తలతుము. బాయి యన్నవాడు లోనికి దిగిన మనుష్యుని తలచును.

శాస్త్రగ్రంథములలో గని యుండవచ్చును; అందులకు మా కాక్షేపణ లేదు. కాని "మా నాయిన బాయికి పోయిండు" అని బాలుడు వ్రాసినచో ఉపాధ్యాయుడు దానిని కొట్టివేయరాదు; ప్రక్కన గని యని వ్రాసి రెండును నేర్పవలెను. బాయికి ఈ యర్థము నీయని నిఘంటువు అసమగ్రము. మాటను దిద్దుటకు ముందు దాని పుట్టుక నరయుట చదువుకొన్నవారి ధర్మము.