ఎత్తి చూడని పలక

ప్యాపిలిలో సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ కొనే రైతు అమ్మేవాడి మెకానిక్ మాట నమ్మడు. డోన్ నుంచో గుత్తి నుంచో తనకు తెలిసినవాణ్ణి బండెక్కించుకొస్తాడు. కొత్త పెయింట్ కనబడితే గోటితో గీకి చూస్తాడు. పాత తెరచాప పడవ కొనేవాళ్లలో మాత్రం బ్రోకర్ చూపించిన సర్వేయర్‌నే పెట్టుకునేవాళ్లు చాలామంది. సగం బేరం అక్కడే చెడుతుంది.

ఫైబర్‌గ్లాస్ పడవను నీళ్లలోంచి బయటికి తీయించి, సర్వేయర్ చిన్న సుత్తితో అడుగంతా తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, పొరలు విడిపోయినచోట దబ్బుమంటుంది. తేమ మీటర్ పెట్టాలి. లోపలి పలకలెత్తి కీల్ బోల్టులు చూడాలి. కీల్ అంటే అడుగున ఉండే బరువైన రెక్క, గాలికి పడవ తిరగబడకుండా కాసేది అదే. ఇంత శ్రమ ఎందుకనుకున్న సర్వేయర్ ‘అందుబాటులో లేదు’ అని ఒక ముక్క రాసి సంతకం పెడతాడు. రిపోర్టులో ముందు వెతకాల్సింది ఆ ముక్కనే.

చీకి రఫీకీ అనే పడవ ఆంటిగ్వా నుంచి సౌతాంప్టన్ తిరిగి వెళ్తూ 2014 మేలో అట్లాంటిక్ మధ్యలో కీల్ ఊడి తిరగబడింది. ఉన్న నలుగురూ పోయారు. అంతకుముందు అడుగు నేలకు తగలడం, ఆ తర్వాతి రిపేర్లు కలిసి కీల్ పట్టును బలహీనపరిచి ఉండొచ్చని బ్రిటన్ దర్యాప్తు సంస్థ తేల్చింది. పడవ బయటి పెంకుకూ లోపలి చట్రానికీ మధ్య జిగురు విడిపోతే, కీల్ విప్పకుండా కనిపెట్టడం చాలా కష్టమనీ చెప్పింది. మంచి సర్వేయర్‌కే కష్టమైన పని, పలకెత్తనివాడికి ఇంకేం తెలుస్తుంది?

మన దేశంలో 1917 నాటి చట్టం స్థానంలో 2021లో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. నదుల్లో తిరిగే ఇంజిన్ పడవలకు సర్వే సర్టిఫికెట్ తప్పనిసరి. కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న గోదావరిలో రాయల్ వశిష్ట అనే పడవ మునిగిన సంగతి మరవని వాళ్లకు ఆ కాగితం విలువ వేరే చెప్పాలా! అయితే ప్రభుత్వ సర్టిఫికెట్, కొనేవాడి కోసం చేసే సర్వే రెండూ ఒకటి కావు.

రిపోర్టు నాసిరకమని డబ్బు కట్టకముందే తెలిస్తే అదృష్టమే. ఏ భాగం చూడలేదో సర్వేయర్‌తో రాతపూర్వకంగా చెప్పించి, ఆ భాగాలవరకే ఇంకొకరిని పిలిపిస్తే ఖర్చూ కలిసొస్తుంది. కొన్నాక లోపం బయటపడితే కథ వేరు. ఒప్పందంలో బాధ్యతకు ఎంత హద్దు గీశారో, సర్వేయర్‌కు వృత్తిపరమైన బీమా ఉందో లేదో చూసుకోవాలి. ఫొటోలు తీసి, సర్వేయర్‌కు లిఖితపూర్వకంగా తెలియజేసి, వచ్చి చూసుకునే అవకాశం ఇవ్వాలి. కోపంకొద్దీ ముందే యార్డులో పాత పొర చెక్కించి కొత్తది వేయిస్తే, చూపించడానికి సాక్ష్యం ఉండదు.