తలకట్టు చూసి దేశం చెప్పడం

జియోగెసర్ ఎలా ఆడాలో ఒక్క ముక్కలో చెప్పొచ్చు. గూగుల్ స్ట్రీట్ వ్యూలో ఏదో ఒక రోడ్డు మీద మనల్ని దింపేస్తారు. చుట్టూ చూసి, అది ప్రపంచంలో ఎక్కడో కనిపెట్టి, మ్యాప్ మీద పిన్ను గుచ్చాలి. ఎంత దగ్గరగా గుచ్చితే అన్ని పాయింట్లు, రౌండుకి 5000 దాకా. స్వీడన్‌కి చెందిన ఆంటోన్ వాలెన్ 2013లో మొదలుపెట్టిన ఆట ఇది. పదేళ్లు తిరిగేసరికి, 2023లో, స్టాక్‌హోమ్‌లో దీనికి ప్రపంచకప్ జరిగింది. రెయిన్‌బోల్ట్ పేరుతో ఆడే అమెరికన్ కుర్రాడు కళ్లు మూసి తెరిచేలోగా దేశం పేరు చెప్పేసే వీడియోలు మీలో చాలామంది రీల్స్‌లో చూసే ఉంటారు.

సాహిత్య పత్రికలో ఈ ఆట గొడవ ఎందుకంటే, ఇది కూడా చదవడమే కాబట్టి. పుస్తకం బదులు రోడ్డుని చదువుతారు, అంతే తేడా. ఆ చదివే పద్ధతికీ, మనం తెలుగు కథల్ని, ముఖ్యంగా ఒక ప్రాంతం నుంచి వచ్చిన కథల్ని, చదివే పద్ధతికీ దగ్గరి చుట్టరికం ఉందని నాకు అనిపిస్తోంది. ఆ చుట్టరికంలో మనకు మేలు చేసేది కొంత, కీడు చేసేది ఎక్కువ.

ముందు మేలు సంగతి. బాగా ఆడేవాళ్లు కొండల్నీ నదుల్నీ నమ్ముకోరు. కరెంటు స్తంభం, రోడ్డు మధ్య గీత రంగు, రోడ్డు పక్కన పాతిన చిన్న గుంజ, వీటిని చూస్తారు. ఫ్రాన్స్‌లో ఆ గుంజ తెల్లగా, తల దగ్గర ఎర్ర పట్టీతో ఉంటుంది. నెదర్లాండ్స్‌లో కారు నంబరు ప్లేటు ముందూ వెనకా పసుపు, బ్రిటన్‌లో వెనకది మాత్రమే పసుపు. ఆగమని చెప్పే ఎర్ర బోర్డు మీద మెక్సికోలో 'ఆల్టో' అనీ, అర్జెంటీనాలో 'పారే' అనీ, టర్కీలో 'దుర్' అనీ ఉంటుంది. ఎవరూ తలెత్తి చూడని వస్తువుల మీద ఇంత శ్రద్ధ పెట్టే మనుషుల్ని చూస్తే నాకు గౌరవం. మన కథల్లో ఎన్ని ఊళ్లలో ఒక వేపచెట్టూ, ఒక రచ్చబండా, ఒక బస్టాపూ తప్ప ఏమీ ఉండవో ఒకసారి లెక్కపెట్టుకోండి. ఊరి పేరు చెరిపేస్తే ఆ కథ శ్రీకాకుళానిదో చిత్తూరుదో ఎవరూ చెప్పలేరు. ఆ లెక్కన రచయితలకి ఈ ఆట మంచి బడి.

ఇక రెండో రకం గుర్తులు. వీటికి దేశంతో ఏ సంబంధమూ లేదు. కెన్యాలో తిరిగిన గూగుల్ కారుకి స్నార్కెల్ గొట్టం ఉంటుంది. ఘనాలో కారు మీది కడ్డీకి నల్ల టేపు చుట్టి ఉంటుంది. మంగోలియాలో కారు మీద డేరా సామాను కట్టి ఉంటుంది. ఫొటో అడుగున ఇవి కనిపిస్తాయి. ఆటగాళ్లు ఇలాంటి వాటిని 'మెటా' అంటారు. ఘనా రాజధాని పేరు తెలియనివాడు కూడా టేపు ముక్క చూసి ఘనా అనేయొచ్చు, పాయింట్లు కొట్టేయొచ్చు. అతను చూసింది ఘనాని కాదు, ఘనాని చూడ్డానికి వచ్చిన కారుని.

ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఈ ఆటలో ఇండియా చాలాకాలం లేనట్టే లెక్క. 2011లో బెంగళూరులో స్ట్రీట్ వ్యూ కార్లు తిరగడం మొదలుపెడితే పోలీసులు ఆపేశారు. 2016లో కేంద్రం అనుమతి లేదు పొమ్మంది. చివరికి 2022 జులైలో, జెనెసిస్ ఇంటర్నేషనల్, టెక్ మహీంద్రా కంపెనీలు తీసిన బొమ్మలతో పది నగరాల్లో మొదలైంది. అందులో హైదరాబాద్ ఒకటి. అప్పటిదాకా ఆటగాళ్లకి బంగ్లాదేశ్ పుణ్యమా అని బెంగాలీ లిపి తెలుసు, శ్రీలంక పుణ్యమా అని సింహళ లిపి తెలుసు. 2011 జనాభా లెక్కల్లోనే 8 కోట్లు దాటిన తెలుగువాళ్ల లిపితో మాత్రం వాళ్లకి పెద్దగా పని పడలేదు. పని పడ్డాక నేర్చుకున్నది ఒక్క చిట్కా: అక్షరం నెత్తి మీద టిక్కు గుర్తు ఉంటే తెలుగు, అడ్డగీతలా ఉంటే కన్నడం.

నిజానికి చాలా మంచి చిట్కా. మన తలకట్టు టిక్కు లాగే ఉంటుంది, మనకి ఎప్పుడూ అలా తోచలేదంతే. కానీ జ, ట, ణ, బ, ల లాంటి అక్షరాలకి మనకే తలకట్టు లేదు. అవి రెండు లిపుల్లోనూ దాదాపు ఒకే రూపంలో ఉంటాయి. ఉండవూ మరి? ఒకే తెలుగు-కన్నడ లిపి కొన్ని శతాబ్దాల మీద మెల్లగా రెండుగా చీలింది. చిట్కాకి కావలసింది ఆ చీలిక ఒక్కటే. చీలకుండా మిగిలిన దానితో ఆటకి పనిలేదు.

పనిలేనిది ఎంత ఉందో చూడాలంటే కర్నూలు జిల్లా పడమటి వైపుకి రావాలి. జాతీయ రహదారి 167 కర్ణాటకలో హగరి దగ్గర మొదలవుతుంది. ఆంధ్రలోకి వచ్చి ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం వైపు సాగి, తుంగభద్ర దాటి మళ్లీ కర్ణాటకలో రాయచూరు చేరుతుంది. అక్కడినుంచి తెలంగాణలో మక్తల్, మహబూబ్‌నగర్. అంటే ఒకే రోడ్డు మీద మూడు సార్లు రాష్ట్రం మారుతుంది. కిలోమీటరు రాళ్లని నమ్ముకుందామా అంటే, జాతీయ రహదారి రాయికి తల పసుపు, రాష్ట్ర రహదారికి ఆకుపచ్చ, పల్లె రోడ్డుకి నారింజ. ఈ దారి పొడుగునా పసుపే.

ఒక ఆటగాణ్ణి మంత్రాలయంలో మఠం దగ్గరి వీధిలో దింపారనుకుందాం. లాడ్జీల బోర్డుల మీద, హోటళ్ల బోర్డుల మీద తెలుగు ఎంత ఉందో కన్నడమూ అంత ఉంటుంది. ఆగి ఉన్న బండ్లలో కర్ణాటకవి బోలెడు. మన చిట్కా ప్రకారం అడ్డగీతలు లెక్కపెట్టి అతను పిన్నుని తుంగభద్రకి అవతల గుచ్చుతాడు. ఆట లెక్కలో అది తప్పు. ఊరి లెక్కలో అదేమంత తప్పు కాదు. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన చోటు ఇది, పాత పేరు మంచాల. మాధ్వ మఠం, కన్నడ దేశపు భక్తులు, తెలుగు దుకాణదారులు. బేరం ఏ భాషలో మొదలై ఏ భాషలో తెగుతుందో వాళ్లకే పట్టింపు ఉండదు.

పైగా ఆ 'తప్పు' పిన్ను ఒకప్పుడు ఒప్పుకి చాలా దగ్గర. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆ రోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, మిగతా బళ్లారి మైసూరుకి పోయింది. కరెంటు స్తంభాలూ బోర్డులూ తర్వాత మారాయి. పెళ్లి సంబంధాలూ తిండీ మారలేదు. పొద్దున టిఫిన్‌కి ఇటువైపు ఉగ్గాని అంటే బళ్లారి వైపు ఒగ్గరణె అంటారు, పొయ్యి మీద ఉన్నవి అవే బొరుగులు. ఇక ఆదోనిలో, 17వ శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు వైపు దింపితే ఉర్దూ బోర్డులు కూడా తగులుతాయి. ఎడమవైపు నడిచే బండ్లూ ఉర్దూ అక్షరాలూ కలిపి చూసుకుని, తొందరపడేవాడు పిన్నుని ఏ పాకిస్తాన్‌లోనో గుచ్చినా ఆశ్చర్యం లేదు.

నంబరు ప్లేట్ల కథ ఇంకా బాగుంటుంది. స్ట్రీట్ వ్యూ నంబరుని మసక చేస్తుంది, రంగు వదిలేస్తుంది. అది ఆట లోపలి సంగతి. బయట, రోడ్డు మీద, మేం చిన్నప్పుడు ఆడిన జియోగెసర్ ఇదే: ఏపీ 21 అంటే కర్నూలు జిల్లా, కేఏ 34 బళ్లారి, కేఏ 36 రాయచూరు. 2019లో ఆంధ్రలో జిల్లా కోడ్లు పోయి, ఏపీ 39తో మొదలుపెట్టి, రాష్ట్రమంతటికీ ఒకే పద్ధతి వచ్చింది. అంటే ఇక్కడ జిల్లాని మసక చేసింది ప్రభుత్వమే. ఒక గుర్తు చెరిగిపోతే ఊరు చెరిగిపోదు కదా. పాత బండ్లు ఇంకా ఏపీ 21 మోసుకుని తిరుగుతూనే ఉన్నాయి.

ఇప్పుడు ఘనా టేపు ముక్క దగ్గరికి వద్దాం.

కర్నూలుకి తెలుగు సినిమా ఒక మెటా తయారుచేసింది. 2003లో 'ఒక్కడు' వచ్చాక కొండారెడ్డి బురుజు కనిపిస్తే కర్నూలు అని అందరికీ తెలిసిపోయింది. దానికి తెల్ల చొక్కాలూ సుమోలూ ఎర్రమట్టీ జత చేస్తే రాయలసీమ రెడీ. ఇవన్నీ సీమని చూడ్డానికి వచ్చిన కెమెరా కారు మీది టేపు ముక్కలు. ఆదోని, ఆలూరు చేలల్లోకి వచ్చి ఎర్రమట్టి వెతికేవాడికి కాళ్లకింద నల్లరేగడి తగులుతుంది. ఆ రేగడి వల్లే ఇక్కడ పత్తి పండింది, ఆ పత్తి వల్లే ఆదోని మార్కెట్టూ జిన్నింగు మిల్లులూ వచ్చాయి. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు. సినిమా మ్యాప్‌లో ఇవేవీ లేవు. రాగి సంగటి వెతికేవాడికి ఇక్కడ ముందు కనిపించేది జొన్నరొట్టె. మరి ఇది సీమ కాదా?

సినిమాని తిట్టి ఊరుకుంటే సుఖమే. మన సాహిత్య విమర్శ చేస్తున్నదీ అదే పని. సీమ కథ మీద రివ్యూ తెరవండి. యాస బాగా పట్టుకున్నారు అంటారు, మట్టివాసన వచ్చింది అంటారు, కరువుని కళ్లకు కట్టారు అంటారు. యాస టిక్కు, మట్టి టిక్కు, కరువు టిక్కు, పిన్ను గుచ్చేశాం, 5000 పాయింట్లు. కథ ఎక్కడిదో తేల్చేశాక దాంతో మనకి పని అయిపోయింది. ఆ యాసలో మనిషి ఏం చెప్పాడన్నది రెండో పేరాకి కూడా రాదు. నగరంలో కూర్చుని చదివేవాళ్లం కాబట్టి మనకి ఈ తొందర మరీ ఎక్కువ. గుర్తుపట్టడంలో ఒక గెలుపు ఉంటుంది, ఆ గెలుపునే అర్థమైందని అనుకుంటాం.

గుర్తూ వివరమూ ఒకటి కావు. గుర్తు ఒక చోటుని ఇంకో చోటు నుంచి విడదీస్తుంది, అక్కడితో దాని పని సరి. వివరం ఆ చోట బతుకుతున్నవాళ్ల పనిలో భాగంగా ఉంటుంది. ఒకే మాట రెండూ కావచ్చు కూడా. నాకు తెలిసిన వాటిల్లో అలాంటి మాట 'సుగ్గి'.

కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, పంట ఇంటికొచ్చే సంబరం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల్లో 'సుగ్గికి పోయినారు' అంటే వలస పోయారని. ఇక్కడ పని లేక, గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికీ పత్తి తీయడానికీ కుటుంబాలకి కుటుంబాలు మూటలు కట్టుకుని పోతాయి. బెంగళూరు, హైదరాబాద్ భవనాల పనికి పోయేవాళ్లు వేరే. పిల్లల్ని బడి మాన్పించి తీసుకెళ్తారు, లేదంటే ముసలివాళ్ల దగ్గర వదిలి పోతారు. ఏటా పేపర్లో వచ్చే వార్తే ఇది. సొంత పంట ఇంటికొచ్చే పండగ పేరు, ఎవరి పంటో కోయడానికి ఇల్లు వదిలే పనికి పేరైంది. ఈ మాట ఒక్కటి చూసి సరిహద్దు ఊరని గుర్తుపట్టొచ్చు, నిజమే. అయితే గుర్తుపట్టి వదిలేస్తే ఆ మాటలో ఉన్నదంతా వదిలేసినట్టే.

స్ట్రీట్ వ్యూ బొమ్మకి తీసిన నెలా సంవత్సరమూ ఉంటాయి. సుగ్గి కాలంలో ఈ ఊళ్లలో కెమెరా కారు తిరిగితే వీధిలో వరసగా తాళాలు వేసిన తలుపులు పడతాయి. అరుగు మీద ఒక ముసలామె కూర్చుని ఉంటే ఆమె ముఖం మసక చేస్తారు. పక్కనున్న కరెంటు స్తంభం మాత్రం స్పష్టంగా ఉంటుంది. ఆటగాడు స్తంభం చూసి ఇండియా అంటాడు, జవాబు కరెక్టు, తర్వాతి రౌండు. అతన్ని నేను తప్పుపట్టను, ఆట నియమమే అది. పైగా టైమర్ నడుస్తూ ఉంటుంది.

కథ చదివేవాళ్లకి ఏ టైమరూ లేదు. సీమ కథో, ఉత్తరాంధ్ర కథో, పాలమూరు కథో చేతికొచ్చినప్పుడు, ఎక్కడిదో తెలిసిపోయిన తర్వాత ఇంకో పది నిమిషాలు ఆ వీధిలోనే ఉండొచ్చు. తలుపులకి తాళాలు ఎందుకున్నాయని అడగొచ్చు. ఇంట్లోవాళ్లు ఎప్పుడొస్తారని, అరుగు మీది ఆమెకి అప్పటిదాకా ఎవరు వండి పెడతారని అడగొచ్చు. మన రివ్యూలు అక్కడినుంచి మొదలైతే బాగుంటుంది.