తెర వెనుక సురభి

సురభి వారి 'మాయాబజార్' నాటకంలో ఘటోత్కచుడు నోరు తెరవగానే లడ్డూలు గాల్లో తేలుతూ వచ్చి నోట్లో పడతాయి. జనం ఈలలు వేస్తారు. ఆ లడ్డూల వెనుక కంటికి ఆనని సన్నటి తీగ, దాన్ని సమయం తప్పకుండా లాగే చెయ్యి ఉన్నాయి. ముందు మెచ్చుకోవలసింది ఆ చేతినే.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో సురభి కుటుంబ నాటకరంగం మొదలైంది. వీళ్ల పూర్వీకులు మరాఠీ మూలాలున్న తోలుబొమ్మలాటగాళ్లు. బొమ్మల్ని ఆడించిన వేళ్లే తరవాత తాళ్లు పట్టాయి, తెరలకు రంగులద్దాయి. ఇటు హార్మోనియం, అటు పద్యం. బాణాలు ఢీకొంటే నిప్పురవ్వలు, ముందు వరుసదాకా మందు వాసన!

కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ వీరితోనే జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా ఆడించారు. పద్యనాటకంలో పండిన గొంతులు జర్మన్ కథనూ తమ సొంతం చేసుకున్నాయి.

ఇవాళ వేషం కట్టినవాళ్లే రేపు తాడు లాగుతారు. పిల్లలు సైడ్ వింగ్‌లో నిలబడి చూస్తూనే ఆ పని నేర్చేసుకుంటారు.