రెండు వీరతాళ్ళు

ఫింటాస్‌లో మా ఇంటికి ఓ శుక్రవారం భోజనానికి స్నేహితులొచ్చారు. ఎనిమిదేళ్ళ మా అమ్మాయి హోంవర్కు చూపిస్తూ "చాలా కషటం నాన్నా" అంది. అందరూ నవ్వారు. "కషటం కాదు, కష్టం" అని నేను గట్టిగానే దిద్దాను. ఆ పూటంతా అది మళ్ళీ తెలుగులో మాట్లాడలేదు.

సాయంత్రం 'మాయాబజార్' పెట్టాం. ఘటోత్కచుడి ఆశ్రమంలో శిష్యుడు "దుషట చతుషటయం" అన్నాడు. గురువు చిన్నమయ్య దిద్దబోయాడు. ఘటోత్కచుడు మాత్రం శిష్యుడి పక్షమే! పిల్ల నా వైపు తిరిగి చూసింది.

పింగళి నాగేంద్రరావు పదాలను హాస్యం కింద జమకట్టడం మనకు అలవాటు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. తప్పు ఒకసారి వస్తే పొరపాటు, ప్రతిసారీ ఒకేలా వస్తే దాని వెనక రూలుంటుంది. అసమదీయులు, దుషట, చతుషటయం: మూడింట్లోనూ జంటక్షరం విడిపోయి మధ్యలో అచ్చు చేరింది. రత్నాన్ని రతనం, యత్నాన్ని జతనం చేసుకున్న తెలుగు నోరు చేసిన పని ఇదే. రాక్షసులకు పింగళి ఇచ్చింది వంకరభాష కాదు, మన పల్లె నోరు. 'తసమదీయులు' ఇంకో మెట్టు పైన. సంస్కృతంలో 'తదీయులు' ఉన్నా, అసమదీయులకు జోడీగా అది పుట్టింది. 'కంబళి గింబళి', 'తల్పం గిల్పం' కూడా అంతే. మనం ఊరికే అనే గి-కారానికి ఆయన ఒక వస్తువునే సృష్టించి, పెళ్ళివారిని ముప్పుతిప్పలు పెట్టించాడు.

ఈ చెవి ఆయనకు నాటకాల్లో అబ్బింది. 1901లో పుట్టి, బందరు నాటకరంగంలో ఏళ్ళ తరబడి రాశాడు. తన 'వింధ్యరాణి' నాటకం 1948లో సినిమా అయ్యేనాటికి ఆయనకు యాభై దగ్గరపడుతోంది. 1949లో 'గుణసుందరి కథ', 1951లో 'పాతాళభైరవి', 1957లో 'మాయాబజార్', 1961లో 'జగదేకవీరుని కథ': నాలుగింటికీ కె.వి. రెడ్డి దర్శకుడు. నిఘంటువులో పడుకున్న 'డింభకుడు' ఆ మాంత్రికుడి నోట పడి ఇంటింటి మాటయింది. 1971లో పింగళి పోయాడు. మాటలు పోలేదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. 'దుష్ట' తెలిసినవాడికే 'దుషట' విని నవ్వొస్తుంది. పరాయిదేశంలో పెరిగే పిల్లకి మొదటిది ఎవరు నేర్పాలి? నేనే. కానీ నలుగురిలో నవ్వులపాలు చేసి కాదు. ఘటోత్కచుడు ముందు మెచ్చుకున్నాడు. పాండిత్యం తర్వాతయినా వస్తుంది, నోరు మూసుకుపోతే ఏదీ రాదు.

పడుకోబోయే ముందు దానికి రతనం, జతనం కథ చెప్పాను. అంతా విని, "అయితే నా వీరతాళ్ళేవి?" అంది.

రెండూ బాకీ ఉన్నాను.